తాత కుండుంగ, మనవడు మూలవర్మ

సముద్రం దాటిన అక్షరాన్నీ దేవుణ్నీ కథనూ ఎవరు తీసుకెళ్లారని అడగడం మనకు అలవాటు. ఎవరు తీసుకున్నారని అడిగి చూస్తే ఇండోనేషియా దీవుల పదహారు వందల ఏళ్ల చరిత్ర వేరుగా కనిపిస్తుంది.

బోర్నియో దీవికి తూర్పున మహాకం అనే పెద్ద నది సముద్రంలో కలుస్తుంది. ఆ నది ఒడ్డున మువారా కామన్ దగ్గర 1879లో నాలుగు, 1940లో మరో మూడు రాతి స్తంభాలు బయటపడ్డాయి. యజ్ఞంలో నాటే యూపస్తంభాలని వాటి మీది శాసనాలే చెబుతున్నాయి. భాష సంస్కృతం, రాత శ్లోకాల్లో, లిపి మన దక్షిణాది బ్రాహ్మి నుంచి పుట్టింది. తేదీ వేయలేదు గానీ అక్షరాల వాటాన్ని బట్టి క్రీ.శ. 400 ప్రాంతానివని లెక్కగట్టారు. ఇండోనేషియాలో దొరికిన రాతల్లో ఇవే అతి పాతవంటారు.

మూలవర్మ అనే రాజు బ్రాహ్మణులకు ఇరవై వేల గోవులను దానమిచ్చాడని ఒక స్తంభం మీద ఉంది. గోవుల లెక్క సంగతి ఎలా ఉన్నా, నన్ను ఆపేసింది ఇంకో స్తంభం మీది వంశావళి. మూలవర్మ తండ్రి అశ్వవర్మ. అశ్వవర్మ తండ్రి కుండుంగ. కుండుంగ అన్నది సంస్కృతం పేరు కాదు, ఆ దీవి మనిషికి ఆ దీవివాళ్లు పెట్టుకున్న పేరు. కొడుకు దగ్గరికి వచ్చేసరికి 'వర్మ' వచ్చి చేరింది. అంతేకాదు, వంశకర్త అన్న గౌరవం శాసనంలో కొడుకుకే దక్కింది.

బయటి రాజు ఎవరో దండెత్తి వచ్చి గద్దెనెక్కి ఉంటే తాత పేరు కూడా వర్మతోనే ముగిసేది. ఇక్కడ జరిగింది వేరు. స్థానిక దొర ఇంట్లోనే ఒక తరం పేరు మార్చుకుంది, యజ్ఞం చేయించుకుంది, చేయించినట్టు రాతి మీద రాయించుకుంది. చుట్టుపక్కల దొరలందరి కంటే తాను ఒక మెట్టు పైన ఉన్నానని చాటుకోవడానికి ఆ కుటుంబానికి సంస్కృతం పనికొచ్చింది.

ఓడ ఎవరిది

ఈ చరిత్రను మన దేశంలో చాలాకాలం మరోలా చెప్పుకున్నాం. 1926లో కలకత్తాలో గ్రేటర్ ఇండియా సొసైటీ ఏర్పడింది. ఆర్.సి. మజుందార్ వంటి పండితులు ఆగ్నేయాసియా రాజ్యాలను ప్రాచీన భారతీయులు నెలకొల్పిన వలస రాజ్యాలుగా రాశారు. పరాయి పాలనలో నలుగుతున్న జాతికి ఆ మాట గుండె ధైర్యాన్నిచ్చింది. ఆ అవసరాన్ని నేను తక్కువ చేయను. కానీ 'మనవాళ్లు వెళ్లి వాళ్లకు నాగరికత నేర్పారు' అని ఇప్పటికీ సభల్లో వినపడుతుంటే నాకు కుండుంగ గుర్తొస్తాడు. నేర్పారనే మాటలో ఆ దీవుల మనుషులు కనిపించకుండా పోతారు. ఏది కావాలో ఎంచుకున్నదీ, వద్దనుకున్నది వదిలేసిందీ, తీసుకున్నదాన్ని తమ ఒంటికి సరిపడేలా కుట్టుకున్నదీ వాళ్లే.

ఓడల సంగతే చూద్దాం. ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవిలో మాట్లాడే మలగాసీ భాషకు అతి దగ్గరి బంధువు మాన్యాన్. అది బోర్నియోలో బరితో నది ప్రాంతపు భాష. మలగాసీలో సంస్కృతం నుంచి వచ్చిన మాటలు కూడా కొన్ని ఉన్నాయి. అంటే ఆ మాటలు బోర్నియో, సుమత్రా, జావా వైపు నాటుకున్న తర్వాతే అక్కడి నుంచి మడగాస్కర్‌కు వలస బయల్దేరింది. హిందూ మహాసముద్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటగలిగిన నావికులు బంగాళాఖాతం దాటడానికి మన ఓడ వచ్చేదాకా ఆగి ఉండరు. వాళ్లే మన రేవులకు వచ్చారు, చూశారు, నచ్చినది తీసుకెళ్లారు. డచ్చి చరిత్రకారుడు వాన్ లెర్ 1930లలో ఇంకో మాట కూడా అన్నాడు: యజ్ఞం, రాజ్యాభిషేకం, వంశావళి కూర్చడం తెలిసిన బ్రాహ్మణులను అక్కడి రాజులే పిలిపించుకున్నారని. మహాకం ఒడ్డు శాసనాలకు ఈ వాదన చక్కగా అతుకుతుంది.

మన తీరం వంతు ఏమిటో కూడా చెప్పాలి, అది చిన్నదేం కాదు. రెండో శతాబ్దిలో టాలెమీ రాసిన భూగోళంలో కృష్ణా ముఖద్వారపు మైసోలియా ఉంది, కంటకోస్సిల అనే రేవు ఉంది. ఇప్పటి ఘంటసాలే అది. అక్కడికి ఉత్తరాన, తూర్పు దేశాలకు పోయే ఓడలు తీరం విడిచి నడిసముద్రంలోకి మళ్లే చోటును కూడా ఆయన గుర్తించాడు. 1921లో సులవేసి దీవి పడమటి తీరాన సెంపగ దగ్గర ఒక కంచు బుద్ధుడు దొరికాడు. కుడి భుజం వదిలేసి ఎడమ భుజం మీదుగా మడతలు మడతలుగా దిగే ఆ చీవరం అమరావతి శిల్పాలు చూసినవాళ్లకు కొత్తగా అనిపించదు. ఇక పల్లవ లిపి అని మనం పిలిచే ఆ అక్షరాల సంగతి. పల్లవుల తొలి శాసనాలు కొన్ని గుంటూరు, పల్నాడు సీమలోని మంచికల్లు, మైదవోలులో దొరికినవే. తెలుగు అక్షరాలూ జావా అక్షరాలూ ఒకే దక్షిణ బ్రాహ్మి నుంచి చీలిన శాఖలు. మనం హల్లు కింద ఒత్తు రాసినట్టే జావా లిపిలోనూ హల్లు కింద ఇంకో హల్లు రూపాన్ని రాస్తారు. దాన్ని పసంగన్ అంటారు.

మూడు వందల ఏళ్లు చాలాయి

మూలవర్మ తర్వాత మూడు శతాబ్దాలు తిరగకుండానే సీన్ మారిపోయింది. సుమత్రాలోని పాలెంబాంగ్ దగ్గర దొరికిన కెదుకన్ బుకిత్ శాసనం క్రీ.శ. 683 నాటిది. లిపి అదే, శకసంవత్సరపు లెక్క అదే, భాష మాత్రం మలయ్. శ్రీవిజయ రాజ్యం తన మాటను తన నోటితోనే చెప్పడం మొదలుపెట్టింది. ఆ తేదీ శకం 605, అందులో సున్నా గుర్తు ఉంది. కంబోడియాలోని సంబోర్ శాసనంలోనూ అదే ఏడాది, అదే సున్నా. తేదీతో సహా నిలిచిన అతి పాత సున్నాల్లో ఈ రెండూ ఉన్నాయి. మన గ్వాలియర్ గుడి శాసనంలోని ప్రసిద్ధమైన సున్నా 876 నాటిది.

ఆ శాసనానికి పన్నెండేళ్ల ముందు, 671లో, చైనా భిక్షువు ఇత్సింగ్ నలందకు వెళ్తూ శ్రీవిజయలో ఆరు నెలలు ఆగి సంస్కృత వ్యాకరణం చదువుకున్నాడు. భారతదేశం వెళ్లదలచిన చైనా భిక్షువులు ముందు ఇక్కడ కొంతకాలం చదువుకుని వెళ్లడం మేలని రాశాడు. తొమ్మిదో శతాబ్దిలో సువర్ణద్వీపపు, అంటే సుమత్రా వైపు, రాజు బాలపుత్రదేవుడు నలందలో ఒక విహారం కట్టించాడు. దాని పోషణకు పాల రాజు దేవపాలుడు ఐదు ఊళ్లు ఇచ్చిన రాగిరేకు దొరికింది. పదకొండో శతాబ్ది తొలి ఏళ్లలో శ్రీవిజయ రాజు పేరున నాగపట్నంలో చూడామణి విహారం లేచింది. తర్వాతి కాలంలో టిబెట్‌కు వెళ్లి బౌద్ధానికి కొత్త ఊపిరి పోసిన అతీశుడు పన్నెండేళ్ల పాటు చదువుకున్నది సువర్ణద్వీపంలోని ధర్మకీర్తి దగ్గర. గురువులు అటువైపూ ఉన్నారు. మన వైపు నుంచి అక్కడికి వెళ్లిన దండయాత్రల్లో అన్నిటికంటే పేరున్నది 1025లో రాజేంద్ర చోళుడిది. ఆ సైన్యం రేవులు దోచి వెనక్కి వచ్చేసింది. అప్పటికే ఆ దీవుల్లో సంస్కృతానికి ఆరు వందల ఏళ్లు నిండాయి.

వాళ్లు తీసుకోనివి ఏమిటో చూస్తే వాళ్ల నిర్ణయం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. బాలిలో ఈ రోజుకీ నాలుగు వర్ణాల పేర్లున్నాయి. జనంలో చాలా ఎక్కువ మంది శూద్రులే, అంటరానితనం మాత్రం అక్కడ లేదు. శాకాహార నియమం సముద్రం దాటలేదు. బాలి పండుగల్లో పంది మాంసం ఉండాల్సిందే. జావాలో, బాలిలో వరి పైరును కాచే తల్లి దేవి శ్రీ. పేరు మన లక్ష్మిది, కథ మాత్రం వాళ్లది: ఆమె దేహం నుంచే వరి మొలిచిందని చెప్పుకుంటారు. ఆ తల్లిని మన పేరుతో పిలుచుకున్నారు గానీ పొలంగట్టు దిగనివ్వలేదు. జావా రైతులు ముస్లింలయ్యాక కూడా చాలా ఊళ్లలో కోతల వేళ ఆమెను తలుచుకోవడం మానలేదు.

విరాటపర్వం, 996

తెలుగువాళ్లకు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న భాగం ఇది. తూర్పు జావా రాజు ధర్మవంశ తెగుహ్ కొలువులో మహాభారతాన్ని జావా వచనంలోకి తెచ్చే పని జరిగింది. విరాటపర్వాన్ని 996 అక్టోబరులో మొదలుపెట్టి నవంబరు దాకా రాజు ఎదుట చదివారని ఆ గ్రంథంలోనే ఉంది. మన రాజరాజనరేంద్రుడు వేంగి గద్దెనెక్కింది 1022లో. అంటే రాజమహేంద్రవరంలో నన్నయ గంటం పట్టేనాటికే జావాలో భారతం జావా భాషలో వినిపిస్తోంది. కన్నడంలో పంప 941లోనే తన భారతాన్ని రాశాడు. నూరేళ్లు కొంచెం అటూ ఇటూగా మూడు రాజ్యాలు, ఒకదానికొకటి కబురు పెట్టుకోకుండానే, ఒకే పనికి పూనుకున్నాయి. మూడింటికీ దేశభాషలో ఒక పెద్ద గ్రంథం కావాల్సి వచ్చింది. మూడూ సంస్కృత భారతం దగ్గరికే వెళ్లాయి.

అందుకే ఈ కథలో మన స్థానం ఇచ్చినవాళ్ల వరుసలో కంటే తీసుకున్నవాళ్ల వరుసలో ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. సంస్కృతం తెలుగునేలకూ బయటినుంచే వచ్చింది. నన్నయ చేసింది, ఆ పేరు తెలియని జావా పండితులు చేసింది ఒకే రకం పని. విరాటపర్వం చదివితే వానలు పడతాయని మన ఊళ్లలో నమ్మకం ఉంది. తిక్కన తన భాగాన్ని మొదలుపెట్టిందీ విరాటపర్వంతోనే.

తీసుకున్న కథను జావా ఊరుకోనివ్వలేదు. తోలుబొమ్మల ఆట వాయాంగ్ కులిత్‌లో పాండవుల వెంట నలుగురు సేవకులు ఉంటారు: సెమార్, అతని కొడుకులు గారెంగ్, పెత్రుక్, బాగోంగ్. వ్యాసుడికి వీళ్లెవరో తెలియదు. సెమార్ బానపొట్ట, వంగిన నడుము, నవ్వో ఏడుపో తెలియని మొహం. కానీ అతను వేషం మార్చుకున్న దేవుడు, శివుడికి అన్న వరస. అర్జునుడు తప్పు చేస్తే మందలించేది అతనే. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క నవ్వించి వెళ్తారు. జావాలో నవ్వించేవాడి చేతికే ధర్మాన్ని అప్పగించారు. రాజుల కథను కూలీనాలీ జనం తమదిగా చేసుకున్నారనడానికి ఇంతకంటే ఏం కావాలి!

ద్రౌపది అక్కడ ధర్మరాజు ఒక్కడికే భార్య. శిఖండి సంగతి ఇంకా విశేషం. మన దగ్గర ఆ పేరు తిట్టుగా మిగిలింది. జావాలో శ్రీకాండి అంటే విల్లు పట్టిన వీరవనిత, అర్జునుడి భార్య. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో ముగ్గురు అమ్మాయిల జట్టు రజతం గెలిచి ఇండోనేషియాకు మొట్టమొదటి ఒలింపిక్ పతకం తెచ్చింది. దేశం వాళ్లను శ్రీకాండులని పిలుచుకుంది. ఆ పేరుతో తర్వాత సినిమా కూడా వచ్చింది.

కుదుస్ మినారు

సుమత్రా ఉత్తర కొసన సముద్ర పసాయ్ సుల్తాన్ మలిక్ అల్‌సాలిహ్ సమాధి రాయి 1297 నాటిది. జావాలో గ్రెసిక్‌లోని మలిక్ ఇబ్రహీం సమాధి రాయి 1419 నాటిది, గుజరాత్‌లోని ఖంబాత్‌లో చెక్కి ఓడలో తెచ్చింది. గుజరాతీ, తమిళ, అరబ్బు, చైనా ముస్లిం వర్తకులు రేవుల్లో స్థిరపడ్డారు. రేవుల దొరలు ఇస్లాం తీసుకున్నారు. మలుపు మళ్లీ అదే: మహాకం ఒడ్డు దొర తొమ్మిది వందల ఏళ్ల కిందట చేసినదాన్నే పసాయ్ దొర చేశాడు. కొత్త వర్తక లోకంలో కొత్త పేరు, కొత్త దేవుడు, దూరదేశాల్లో పరపతి.

మధ్య జావాలో కుదుస్ అనే ఊరుంది. జెరూసలేం అరబ్బీ పేరు మీద వెలిసిన ఊరది. అక్కడి మసీదు 1549 నాటిది. మసీదు పక్కన మినారు ఎర్ర ఇటుకతో, ఇస్లాంకు ముందు జావాను ఏలిన మజపహిత్ రాజ్య కాలపు గుడి గోపురం పోలికతో నిలబడి ఉంటుంది. హిందువులుగా ఉన్న ఇరుగుపొరుగు మనసు నొచ్చుకోకూడదని ఆవును కోయవద్దని అక్కడి ముస్లిం గురువు సునన్ కుదుస్ చెప్పాడని ఆ ఊరి నమ్మకం. నేటికీ కుదుస్ పేరున్న వంటకాలు గేదె మాంసంతోనే వండుతారు. ఆ ఊళ్లో ఇప్పుడు దాదాపు అందరూ ముస్లింలే. ఎవరి మనసు నొచ్చుకుంటుందని మొదలుపెట్టారో వాళ్లు లేకపోయినా మర్యాద మిగిలింది. మతం మారడమంటే పాతదంతా తుడిచేయడమని నమ్మేవాళ్లు ఇటు వైపూ అటు వైపూ ఉన్నారు. వాళ్లకు చూపించాల్సిన ఊరు ఇది.

జావాలోని మతారాం రాజు సుల్తాన్ అగుంగ్ 1633లో పంచాంగాన్ని సంస్కరించాడు. నెలలు ఇస్లాం చాంద్రమానానికి మార్చాడు. ఏడాది అంకెను మాత్రం కదిలించలేదు. అప్పుడు నడుస్తున్న శకం 1555 నుంచే లెక్క కొనసాగించాడు. మన పంచాంగాల్లో రాసే శాలివాహన శకమే అది. చాంద్రమానపు ఏడాది పొట్టిది కాబట్టి జావా లెక్క నెమ్మదిగా ముందుకు జరిగి ఇప్పటికి మనకంటే పన్నెండేళ్లు ఎక్కువ చూపిస్తోంది. లెగీ, పహింగ్, పోన్, వాగే, క్లివోన్ అనే ఐదు రోజుల సంత వారం హిందూ రాజుల కాలంలోనూ ఉంది, సుల్తానుల కాలంలోనూ ఉంది, ఇప్పటి క్యాలెండర్లలోనూ ఏడు రోజుల వారం పక్కనే అచ్చవుతుంది. బాలి మాత్రం శక పంచాంగాన్నే పట్టుకుంది. వాళ్ల కొత్త సంవత్సరం న్యెపి కొన్ని ఏళ్లలో మన ఉగాదికి ఒక రోజు అటూ ఇటూగా వస్తుంది. 2023లో రెండూ మార్చి 22నే వచ్చాయి. న్యెపి రోజు బాలిలో ఇళ్లలో దీపాలు వెలిగించరు, వీధుల్లోకి రారు, అంతర్జాతీయ విమానాశ్రయం కూడా మూసేస్తారు.

రంజాన్ ఉపవాసాన్ని ఇండోనేషియా ముస్లింలు పువాసా అంటారు. ఆ మాట మన ఉపవాసమే. స్వర్గం అక్కడ సుర్గా, పుణ్యఫలం పహలా, మతం ఆగమ. అల్లాను కొలిచే కోట్లమంది నోట ఈ మాటలు రోజూ నలుగుతున్నాయి. వాయాంగ్‌లో ధర్మరాజు దగ్గరుండే మహిమగల గ్రంథం పేరు కలిమసద. ఇస్లాం వచ్చాక అది కలిమా షహాదతేనని చెప్పుకున్నారు. అట్లా ధర్మరాజు కూడా ఆ కొత్త లోకంలో చోటు సంపాదించుకున్నాడు.

మచిలీపట్నం కూడా ఈ కథలోకి వస్తుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ రేవు నుంచి అద్దకపు బట్టలు ఆచే, బాంతెన్, మకస్సర్‌లకు వెళ్లేవి. డచ్చివాళ్లు 1600ల తొలి ఏళ్లలోనే మచిలీపట్నంలో దిగిన కారణం అదే. మిరియాలు, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్లు వెండి కంటే ఈ బట్టనే అడిగేవారు. సులవేసి కొండల్లోని తొరాజా ప్రజలు తరతరాలుగా పవిత్రంగా దాచుకున్న వస్త్రాల్లో గుజరాత్, కోరమండల్ బట్టలూ ఉన్నాయి. మన అద్దకం పనివాడు కట్టుకోవడానికి చేసిన బట్ట, అక్కడ చావుకూ పండుగకూ మాత్రమే విప్పే దైవవస్త్రమైంది.

చిన్న భాషకు పెద్దపీట

జావా భాష మాట్లాడేవాళ్లు దాదాపు తెలుగువాళ్లంత మంది. ఇండోనేషియాలో వాళ్లే అతి పెద్ద జనం, వెయ్యేళ్లు దాటిన సాహిత్యం వాళ్లది. అయినా 1928 అక్టోబరు 28న బటావియాలో (ఇప్పటి జకార్తా) యువజన సభ తీసుకున్న ప్రతిజ్ఞలో అందరినీ ఒక్కటిగా నిలిపే భాషగా ఎంచుకున్నది మలయ్‌ని, ఇండోనేషియా భాష అన్న కొత్త పేరుతో. ప్రతిజ్ఞ రాసిన మొహమ్మద్ యమిన్ సుమత్రా మనిషి. కానీ సభలో జావా యువకులూ ఉన్నారు, వాళ్లూ ఒప్పుకున్నారు. భాషాప్రయుక్త రాష్ట్రం కోసం ప్రాణాలిచ్చిన చరిత్ర ఉన్న మనకు ఈ త్యాగం ఎంత బరువైనదో తెలియాలి.

కారణాలు లేకపోలేదు. జావా భాషలో నోరు తెరవాలంటే ముందు ఎదుటివాడి అంతస్తు తెలియాలి. తినడమన్న ఒక్క పనికే స్నేహితుడితో ఒక మాట (మంగన్), కొత్తవాళ్లతో మర్యాదగా ఇంకో మాట (నెద), పెద్దవాళ్ల గురించి చెప్పేటప్పుడు మూడో మాట (దహర్). సమానులుగా స్వాతంత్ర్యం కోరుకున్న యువతకు ఆ మెట్లు అడ్డొచ్చాయి. మలయ్ రేవుల భాష, బేరాల భాష, ఎవరి సొంత ఆస్తీ కాని భాష. అదీ వెయ్యేళ్లకు పైగా దీవుల మధ్య తిరిగి అలవాటైనది. దేశ నినాదాన్ని మాత్రం మజపహిత్ కవి ఎంపు తంతులర్ పాత జావా కావ్యం సుతసోమ నుంచి తీసుకున్నారు.

మాట్లాడేవాళ్లు ఎక్కువమంది వెళ్లినంత మాత్రాన భాష వ్యాపించదని మనవాళ్ల కథే చెబుతుంది. పంతొమ్మిదో శతాబ్ది చివర, ఇరవయ్యో శతాబ్ది మొదట ఉత్తరాంధ్ర నుంచి వేలమంది మలయా రబ్బరు తోటలకు వెళ్లారు. అక్కడి బగాన్ దాతో వైపు ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. తోటల్లో తమిళులు ఎక్కువ, బడి తమిళం, బజారు మలయ్. మూడో తరానికి ఇంట్లో తెలుగు పలచబడింది. తెలుగు సంఘాలు తరగతులు పెట్టి నిలబెట్టుకోవడానికి ఓపికగా కష్టపడుతున్నాయి. మూలవర్మ కొలువుకు సంస్కృతం తెచ్చినవాళ్లు గుప్పెడు మందే అయి ఉంటారు. అక్కడ దాన్ని కోరుకున్న రాజు ఉన్నాడు. తోటల్లో తెలుగును కోరుకున్న దొర లేడు.

ఇండోనేషియా భాష గెలుపుకూ ధర ఉంది. ఆ దేశంలో ఏడు వందలకు పైగా భాషలున్నాయి. వాటిలో చాలా వాటిని పిల్లలు నేర్చుకోవడం లేదు. నగరాల్లో జావా కుటుంబాల పిల్లలు కూడా ఇంట్లో ఇండోనేషియానే మాట్లాడుతున్నారు. యోగ్యకర్త వీధుల పేర్ల పలకల మీద జావా లిపి కనిపిస్తుంది గానీ దాన్ని తడబడకుండా చదవగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు.

పాత జావా ఆదిపర్వం నేటికీ ఉంది, అచ్చయింది. వచనం మధ్య మధ్య సంస్కృత శ్లోక ఖండాలను అట్టే పెట్టి, వెంటనే జావాలో వాటి అర్థం చెబుతూ పోతుంది. దాని పక్కన నన్నయ ఆదిపర్వాన్ని పెట్టి చదివే తెలుగు విద్యార్థులు మన విశ్వవిద్యాలయాల నుంచి రావాలి. ఇద్దరూ ఎక్కడ కథను కుదించారో, ఎక్కడ సాగదీశారో, ఉదంకుడు నాగలోకానికి వెళ్లిన ఘట్టం దగ్గర ఎవరు ఏం చేశారో, శకుంతల దుష్యంతుణ్ని నిలదీసినప్పుడు ఎవరి శకుంతల గొంతు ఎంత లేచిందో వాళ్లు మనకు చెప్పాలి.